ఇంటి కామెడీలో నవ్వు ఎవరి మీద పడుతోంది? ఆడా మగా తేడాల మీద వీడియోలు చేసేవాళ్లకు హాస్య సిద్ధాంతాలతో పూర్తి గైడ్

భార్యాభర్తల మీద, అన్నాచెల్లెళ్ల మీద, ఆఫీసులో ఆడా మగా మీద కామెడీ వీడియో తీద్దామనుకునేవాళ్లు ఎక్కువమంది ఒకే చోట మొదలుపెడతారు: "ఆడవాళ్లు ఇలా, మగవాళ్లు అలా". భార్య అరుస్తుంది, భర్త భయపడతాడు. ఆమె రెడీ అవ్వడానికి గంటలు పడుతుంది, అతనికి ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తెలియదు. వీటికి నవ్వు రాదని కాదు, వస్తుంది, కానీ చూసేవాళ్లకు మొదటి రెండు సెకన్లలోనే చివర ఏం జరుగుతుందో తెలిసిపోతుంది, ఇంకో పది వీడియోలు చూశాక ఏది ఎవరిదో కూడా గుర్తుండదు. ఇది ఎందుకు ఇలా అవుతుందో, ఎలా మార్చుకోవచ్చో హాస్యం గురించి వందల ఏళ్లుగా ఆలోచించినవాళ్లు చాలావరకు చెప్పే వెళ్లారు. ఆ సిద్ధాంతాలను పరీక్షకు చదివినట్టు కాకుండా, స్క్రిప్ట్ రాసేటప్పుడు చేతికి అందేలా ఎలా పెట్టుకోవాలో ఒక్కో అడుగూ చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి వీడియోలో నవ్వు మనిషి మీద కాదు, ఆ మనిషి చేత అలా చేయిస్తున్న, ఎక్కడా రాసి లేని రూలు మీద పడాలి. ఇది మర్యాద కోసం చెప్తున్న మాట మాత్రమే కాదు, అలా పడినప్పుడే వీడియో కొత్తగా ఉంటుంది.

1. టాపిక్ కాదు, రూలు వెతకండి

"పెళ్లయ్యాక జీవితం" అనేది టాపిక్. దానితో స్క్రిప్ట్ ముందుకు కదలదు. "ఇంటిపని భర్త చేస్తే మెచ్చుకోవాలి, భార్య చేస్తే గమనించక్కర్లేదు" అనేది రూలు. ఇందులోంచి పది సీన్లు వస్తాయి.

రూళ్లు దొరకాలంటే ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకుని చుట్టూ జరిగేది రాసుకోవడమే. రాసేటప్పుడు మనుషుల గుణాలు రాయకండి, చేతులూ కాళ్లూ ఏం చేశాయో రాయండి. "ఆమెకు శుభ్రం పిచ్చి" అని రాసుకుంటే అది ఎందుకూ పనికిరాదు. "కాలింగ్ బెల్ మోగింది, అతను చొక్కా కోసం పరిగెత్తాడు, ఆమె సోఫా మీది బట్టలన్నీ ఒక్క చేత్తో ఎత్తి లోపలి గదిలో మంచం మీద పడేసింది, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు" అని రాసుకుంటే అది సీను. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1956లో తొలిసారి వచ్చిన తన పుస్తకంలో, మనుషులు రోజువారీ జీవితంలో కూడా స్టేజి మీద ఒకలా, తెర వెనక ఒకలా ఉంటారని వివరించాడు. బెల్ మోగినప్పటి నుంచి తలుపు తెరిచే దాకా ఉండే ఆ కొన్ని సెకన్లు తెర వెనక నుంచి స్టేజి మీదకు వచ్చే సమయం, కెమెరా పెట్టాల్సిందే అక్కడ.

1987లో క్యాండేస్ వెస్ట్, డాన్ జిమ్మర్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆడతనం, మగతనం మనలో ఉండే వస్తువులు కావు, నలుగురి ముందు మనం రోజూ చేస్తూ ఉండే పనులు అని వాళ్ల వాదన. వీడియో తీసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే మాట లేదు, ఎందుకంటే గుణాన్ని షూట్ చేయలేం, పనిని చేయగలం.

అందరూ పాటిస్తూ, అడిగితే మాత్రం ఎవరూ ఒప్పుకోనిదైతే అది మంచి రూలు. కొన్ని చూడండి. జ్వరం వచ్చిన మగవాడు రోగి, జ్వరం వచ్చిన ఆడమనిషి కాస్త నెమ్మదిగా పనిచేస్తున్న మనిషి. మీటింగ్‌లో నోట్స్ ఎవరు రాయాలో ఎవరూ చెప్పకుండానే తేలిపోతుంది. మగవాడు ఏడవాలంటే అతని టీమ్ ఓడిపోవాలి, లేదా కంట్లో ఏదో పడాలి. ఇద్దరు మగ స్నేహితులు ఒకరినొకరు "నువ్వంటే నాకు ఇష్టం" అనాలంటే ముందు ఒక తిట్టు తిట్టాలి. మగవాళ్లను కట్టేసే రూళ్లు కూడా సగానికి సగం ఉన్నాయి, వాటి మీద వీడియోలు చాలా తక్కువ, మొదలుపెట్టేవాళ్లకు అక్కడ ఖాళీ బాగా ఉంది.

2. ఒకే రూలును మూడు వైపుల నుంచి చూడండి

ఒక రూలు ఎంచుకున్నారనుకుందాం: ఇంటి సంగతులన్నీ గుర్తుపెట్టుకునే డ్యూటీ ఒక్కరిదే, సాధారణంగా భార్యది. దీన్ని మూడు సిద్ధాంతాలతో మూడు వీడియోలుగా ఊహించుకోవచ్చు.

ఆధిక్య సిద్ధాంతం అన్నిటికంటే పాతది. ఎదుటివాడి లోపం చూసి, వాడికంటే మనం నయం అని ఒక్కసారిగా కలిగే గర్వమే నవ్వు అని తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లో రాశాడు. దీని ప్రకారం వీడియో అంటే భర్త ఒక మొద్దు, చూసేవాళ్లు నవ్వుతారు. రాయడం సులువు, మర్చిపోవడం కూడా అంతే సులువు. కానీ హాబ్స్ కంటే ఎంతో ముందే ప్లేటో ఇందులో ఒక మంచి కిటుకు చెప్పాడు: తన గురించి తనకు తెలియనివాడే నవ్వు పుట్టిస్తాడు అని. అంటే అతనికి ఏమీ తెలియకపోవడం కాదు, "ఇల్లంతా నాకు తెలుసు" అని అతను గట్టిగా నమ్మడం హాస్యం. అదే పాత్ర, కానీ ఇప్పుడు దానికి ఒక కోరిక ఉంది, పొగరు ఉంది, జారిపడటానికి ఎత్తు ఉంది.

ఉపశమన సిద్ధాంతం వేరే దారిలో వెళ్తుంది. హెర్బర్ట్ స్పెన్సర్ 1860లో, ఫ్రాయిడ్ 1905లో చెప్పినదాని సారం ఏమిటంటే, లోపల అణిగి ఉన్న శక్తి బయటికి పోయే దారి నవ్వు. దీంతో చేసే వీడియోలో ఆమె ఎన్నాళ్లుగానో అనలేని మాట అనేస్తుంది. ఇక్కడ చాలామంది తొందరపడతారు, మొదటి సీన్‌లోనే ఆమె చేత అరిపిస్తారు. ఒత్తిడి పెరగకుండా విడుదల ఎక్కడి నుంచి వస్తుంది? వీడియోలో ముప్పావు వంతు ఆమె "పర్లేదు, నేను చూసుకుంటాలే" అంటూనే ఉండాలి, ఆ "పర్లేదు" ప్రతిసారీ కొంచెం పొట్టిగా, కొంచెం చల్లగా రావాలి.

మూడోది అసంగతి సిద్ధాంతం. మనం ఊహించినదీ జరిగినదీ పొసగకపోతే నవ్వొస్తుందని ఇది చెప్తుంది. ఫ్రాన్సిస్ హచ్‌సన్ 1725లో దీనికి పునాది వేశాడు, బిగబట్టుకుని ఎదురుచూసినది ఉన్నట్టుండి ఏమీ లేకుండా పోవడమే నవ్వు అని కాంట్ 1790లో అన్నాడు. 1972లో జెర్రీ సల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి రెండో మెట్టు చేర్చాడు. ఆశ్చర్యం ఒక్కటే చాలదు, ఆ వెంటనే "ఓహో, అదా సంగతి" అని మనసుకు అర్థం కావాలి, అప్పుడే జోకు పూర్తవుతుంది.

ఈ రెండో మెట్టు దగ్గర కాస్త ఆగండి, ఈ గైడ్ మొత్తంలో ముఖ్యమైనది ఇదే. ఆశ్చర్యం కలిగాక చూసేవాడి మనసు "ఎందుకిలా?" అని అడుగుతుంది. మీ స్క్రిప్ట్ దానికి ఏదో ఒక జవాబు ఇస్తుంది. ఆ జవాబు "ఆడవాళ్లంతే", "మగాళ్లంతే" అయితే మీరు కొత్తగా ఏమీ చెప్పలేదు, ముందే ఉన్న నమ్మకాన్ని తాళంచెవిగా వాడుకుని జోకు ముగించారు. జవాబు "మనం పెట్టుకున్న ఏర్పాటే ఇలా ఉంది" అయితే చూసేవాడు తన ఇంటిని ఒకసారి కొత్తగా చూసుకుంటాడు. రెండిట్లోనూ ఆశ్చర్యం ఒకటే కావచ్చు, నటులు కూడా వాళ్లే కావచ్చు. తేడా అంతా జవాబులోనే. స్క్రిప్ట్ రాశాక కింద ఒక గీత గీసి, "చూసేవాడికి అర్థమయ్యేది ఏమిటి" అని ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం "అంతే" అనే మాటతో ముగుస్తుంటే స్క్రిప్ట్ తిరగరాయాలి.

3. రెండు లోకాలను ఒకే గదిలో పెట్టండి

ఆర్థర్ కోస్లర్ 1964లో ఒక మాట చెప్పాడు: ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆలోచనా చట్రాలు ఒకే సంఘటనలో ఎదురుపడినప్పుడు హాస్యం పుడుతుంది. భాషా శాస్త్రవేత్త విక్టర్ రాస్కిన్ 1985లో దీనికి దగ్గరగా ఉండే విషయాన్నే ఇంకా కచ్చితంగా చెప్పాడు, ఒకే మాట లేదా సంఘటన ఒకదానికొకటి ఎదురైన రెండు స్క్రిప్టుల్లోనూ ఇమిడిపోవాలని. ఇక్కడ స్క్రిప్ట్ అంటే "ఆసుపత్రికి వెళ్తే ఏం జరుగుతుంది" లాంటి, మన మెదడులో ఉండే రెడీమేడ్ కథ.

చేసే పద్ధతి ఇది. కాగితం మీద ఎడమ వైపు మీ రూలు రాయండి. కుడి వైపు, అదే పని జీతంతో, హోదాతో, ట్రైనింగ్‌తో జరిగే లోకాలు రాయండి: ఆఫీసు, విమానం కాక్‌పిట్, కోర్టు, ఆపరేషన్ థియేటర్, ఆట కామెంటరీ. ఏ లోకంలో పెడితే ఆ రూలు అన్నిటికంటే విడ్డూరంగా కనిపిస్తుందో అదే మీ సీను.

గుర్తుపెట్టుకునే డ్యూటీకి ఆఫీసు బాగా అతుకుతుంది. అలిసన్ డామింజర్ 2019లో రాసిన పరిశోధన పత్రంలో ఇంటి ఆలోచన పనిని నాలుగు భాగాలు చేసింది: ఏం అవసరం పడుతుందో ముందే ఊహించడం, దారులు వెతకడం, నిర్ణయం తీసుకోవడం, అయిందా లేదా అని చూసుకోవడం. జంటల్లో నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకున్నా, ముందే ఊహించడం, చివర చూసుకోవడం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని ఆమె గమనించింది. ఆఫీసులో ఇలాంటి పనికి ఒక మేనేజర్ ఉంటాడు. ఇక సీను రాద్దాం. ఇందులో వచ్చే కేటీ సెషన్ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, పని వదిలి వెళ్లేవాళ్లు తమకు తెలిసినదంతా తర్వాత చేసేవాళ్లకు అప్పజెప్పే ఆఫీసు మీటింగ్. భార్య వారం రోజులు ఊరెళ్తోంది, భర్త ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు.

"వారం రోజులేగా. ఒక కేటీ సెషన్ పెట్టుకుందాం. డాక్యుమెంట్ ఎక్కడుంది?"

ఆమె వేలితో తన తల చూపిస్తుంది.

"బ్యాకప్?"

అదే వేలు, అదే తల.

"లాస్ట్ అప్‌డేట్?"

"ఇందాక, నువ్వు స్నానం చేస్తున్నప్పుడు. చిన్నోడికి శుక్రవారం తెల్ల చొక్కా కాదు, నీలం అంట."

"వాషింగ్ మెషిన్?"

"తలుపు వేసి మోకాలితో ఒక తోపు తొయ్యి. మెల్లగా కాదు. గట్టిగా కూడా కాదు."

"స్టెప్పులుగా చెప్పు."

"అదే స్టెప్పు."

చాలాసేపు టైపింగ్ చప్పుడు. "నువ్వు రిజైన్ చేస్తే ఈ కంపెనీ మూతపడిపోతుంది."

"నోటీస్ పీరియడ్ ఎప్పుడు అయిపోతుందో కూడా నేనే గుర్తుపెట్టుకోవాలి."

ఇందులో అతను మొద్దు కాదు, తన పని తెలిసిన మనిషి, అడిగినవన్నీ సరైన ప్రశ్నలే. ఆమె గయ్యాళి కాదు. ఒక పెద్ద వ్యవస్థ మొత్తం ఒకే తలలో, బ్యాకప్ లేకుండా నడుస్తోందని అతని ప్రశ్నలే బయటపెట్టాయి. ఇంకో సంగతి కూడా చూడండి, ఆ మోకాలి తోపు. ఆమె కూడా అన్నీ తన చేతుల్లోనే పెట్టుకుంది, ఆ తలుపు రిపేరు చేయించాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఇది కావాలని పెట్టాను. ఆడ పాత్రను తప్పే చేయని, నిట్టూర్చే, అందరికీ బుద్ధి చెప్పే మనిషిగా రాస్తే అది గౌరవంలా కనిపిస్తుంది గానీ, నిజానికి నవ్వు పుట్టించే లైన్లన్నీ మగ పాత్రకే ఇచ్చేసినట్టు. ఆమెకూ ఒక వెర్రి, ఒక పంతం, ఒక అబద్ధం ఇవ్వండి.

4. ఎంత గట్టిగా గిల్లాలి

పీటర్ మెక్‌గ్రా, కాలెబ్ వారెన్ 2010లో ప్రచురించిన సిద్ధాంతం ఈ ప్రశ్నకు బాగా పనికొస్తుంది. ఏదో ఒకటి తప్పుగా అనిపించాలి, అదే సమయంలో పర్వాలేదు అని కూడా అనిపించాలి, రెండూ ఒకేసారి అనిపిస్తేనే నవ్వు. తప్పే లేకపోతే చప్పగా ఉంటుంది, పర్వాలేదు అనిపించకపోతే బాధగానో కోపంగానో ఉంటుంది. పర్వాలేదు అనిపించడానికి వాళ్లు మూడు దారులు చెప్పారు. ఒక కట్టుబాటు ప్రకారం తప్పే అయినా ఇంకో కట్టుబాటు ప్రకారం సరే అనిపించడం, తెగిన కట్టుబాటు మీద చూసేవాడికి పెద్ద పట్టింపు లేకపోవడం, జరిగేదానికీ చూసేవాడికీ మధ్య దూరం ఉండటం.

చప్పగా ఉన్న సీనును దగ్గరికి తీసుకురండి: పక్కింటివాళ్ల గొడవను సొంత ఇంటి గొడవ చేయండి, పోయినేడాది జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చూపించండి. నొప్పి పుట్టిస్తున్న సీనును దూరం జరపండి, అతిశయోక్తి పెంచండి, బొమ్మలతో చేయండి, లేదా అడవిలో జంతువులను చూపిస్తూ మెల్లగా చెప్పే వాయిస్ ఓవర్ పెట్టండి.

ఆడా మగా విషయంలో ఒక చిక్కు ఉంది. ఎవరికి పర్వాలేదు? ఒకే వీడియో చూసే ఇద్దరికి ఆ దూరం ఒకేలా ఉండదు. రాత్రి ఒంటరిగా నడిచి ఇంటికి వెళ్లడం గురించిన జోకు ఒకరికి ఊహ, ఇంకొకరికి నిన్న రాత్రి. భార్య భర్తను చెంపమీద కొట్టడం "పర్లేదు" కింద చెల్లిపోతోంది, ఎందుకంటే మగవాడికి నొప్పి ఉండదనే ఇంకో రూలు దాని కింద దాక్కుని ఉంది, దెబ్బలు తింటున్న మగవాళ్లు ఎవరికీ చెప్పుకోలేకపోవడానికి ఆ రూలు కూడా ఒక కారణం. అందుకే దెబ్బతో ముగిసే పంచ్‌లను నేను అసలు వాడొద్దనే చెప్తాను. వాటి బదులు మాట, మౌనం, ఒక వస్తువు వాడండి.

5. తారుమారు పరీక్ష

స్క్రిప్ట్ పూర్తయ్యాక పాత్రల ఆడా మగాను తిప్పేసి పైకి చదవండి. మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది.

నవ్వు అలాగే ఉంటే, ఆ జోకుకు ఆడా మగాతో పని లేదు. కేటీ సీను కొంతవరకు ఇలాంటిదే, తిప్పినా నడుస్తుంది. అప్పుడు టైటిల్లో "భార్యలు" అని పెట్టకండి, అక్కడ అనవసరంగా ఒక గుంపును ఇరికిస్తున్నారు. నవ్వు పూర్తిగా చచ్చిపోతే, రూలే జోకును నడుపుతోందన్నమాట. ఇది మంచి సంకేతం కావచ్చు, చెడ్డది కావచ్చు: వీడియో ఆ రూలును చూపిస్తోందా, లేక దాని మీద వాలి నిద్రపోతోందా అన్నది చూసుకోండి. మూడోది, తిప్పగానే నవ్వు పోయి భయమో జాలో వేస్తే, మొదటి రూపంలో కూడా ఆ భయం ఉంది, అలవాటు వల్ల మనకు కనపడలేదు. ఒకరు రోజూ ఇంకొకరి ఫోన్ చెక్ చేసే సీను, ఒకరు అడగకుండా ఇంకొకరు గడప దాటని సీను తిప్పి చదివి చూడండి.

సాల్వతోర్ అటార్డో, రాస్కిన్ కలిసి 1991లో జోకును ఆరు భాగాలుగా విడదీశారు: స్క్రిప్టుల ఎదురెదురు (మూడో అడుగులో చెప్పిన రెడీమేడ్ కథలు), తర్కం, సందర్భం, లక్ష్యం (నవ్వు ఎవరి మీద, దేని మీద పడుతోందో అది), చెప్పే పద్ధతి, భాష. వీటిలో లక్ష్యం ప్రతి జోకుకూ ఉండి తీరాలని లేదు. పరీక్షలో ఫెయిలైన స్క్రిప్టును పారేయక్కర్లేదు, మిగతా ఐదూ ఉంచి లక్ష్యం ఒక్కటి మార్చి చూడండి, ఎక్కువసార్లు జోకు బతుకుతుంది, ఒక్కోసారి మెరుగవుతుంది కూడా.

"జోకేగా, ఏమవుతుంది" అనే ప్రశ్నకు జవాబు ఉంది. థామస్ ఫోర్డ్, అతని సహ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆడవాళ్లను కించపరిచే హాస్యం చూసిన తర్వాత, అప్పటికే ఆడవాళ్ల మీద వ్యతిరేకత ఎక్కువగా ఉన్న మగవాళ్లు మహిళా సంస్థకు డబ్బు తక్కువ ఇవ్వడానికి మొగ్గుచూపారు. వ్యతిరేకత తక్కువ ఉన్నవాళ్లలో ఆ ప్రభావం కనిపించలేదు. అంటే అలాంటి జోకు కొత్త ద్వేషాన్ని పుట్టించకపోయినా, ఉన్నదానికి "ఇక్కడ పర్లేదు" అని అనుమతి ఇస్తుంది. వీడియో చేరే జనంలో ఆ రెండు రకాల వాళ్లూ ఉంటారు.

6. వేషం, నటన

ఒక్కరే అన్ని పాత్రలూ వేసే వీడియోల్లో మగవాడు తలకు తువ్వాలు చుట్టుకుని భార్యగా వస్తాడు, అమ్మాయి మీసం గీసుకుని భర్త అవుతుంది. భరతుడి నాట్యశాస్త్రం హాస్యానికి చెప్పిన కారణాల్లో వికృత వేషం కూడా ఉంది కాబట్టి ఇది కొత్తేమీ కాదు. కానీ వేషం కనిపించగానే వచ్చే నవ్వు కొన్ని సెకన్లే ఉంటుంది, ఆ తర్వాత మాటా నడకా పట్టుకోవాలి. గొంతు సన్నగా చేసి కీచుగా అరవడం మానేసి, మీ సొంత గొంతుతోనే ఆ పాత్ర మాట్లాడే తీరు, కూర్చునే తీరు పట్టుకోండి.

హెన్రీ బెర్గ్‌సన్ 1900లో వచ్చిన తన పుస్తకంలో, బతికున్న మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు నవ్వొస్తుందన్నాడు. కాబట్టి రూలును శరీరంలో చూపించండి. సీరియస్‌గా ఏదో మాట్లాడుతూనే ఆమె చేతులు వాటంతట అవే బట్టలు మడతపెడుతుంటాయి. ఏడుపు వస్తుంటే అతని చెయ్యి దానంతట అదే స్నేహితుడి వీపు మీద దబదబా కొడుతుంది. పాత్రధారి మాత్రం నవ్వకూడదు. నాట్యశాస్త్రంలో నవ్వు స్మితం నుంచి అతిహసితం దాకా ఆరు రకాలు, సన్నని నవ్వు ఉత్తములకు, విరగబడి నవ్వడం అధములకు. ఆ ఎక్కువ తక్కువల సంగతి పక్కన పెట్టి మెట్లుగా తీసుకుంటే ఎడిటింగ్‌కు బాగా పనికొస్తాయి: వీడియోలో మొదటి నవ్వు స్మితం దగ్గరే ఆగాలి, మొదటి జోకులోనే అతిహసితం కోసం వెళ్తే తర్వాత ఎక్కడానికి మెట్లు మిగలవు.

7. షూట్, ఎడిటింగ్

పొసగని రెండు విషయాలు ఒకే ఫ్రేమ్‌లో కనపడాలి కాబట్టి అసలు సీను దూరం నుంచి, కెమెరా కదలకుండా తీయండి. ల్యాప్‌టాప్, ఆమె వేలు, తల అన్నీ ఒకే షాట్‌లో ఉండాలి. మొహం మీదకు జూమ్ చేసినప్పుడల్లా మనం ఆ మనిషి మీద నవ్వుతాం, వెనక్కి జరిగినప్పుడు పరిస్థితి మీద నవ్వుతాం. కెమెరా దూరం కూడా లక్ష్యాన్ని నిర్ణయిస్తుందన్నమాట.

ఆశ్చర్యం కలిగించే మాట వాక్యం చివర పడాలి, దాని తర్వాత ఇంకో మాట ఉండకూడదు. పంచ్ పడ్డాక ఒక్క క్షణం ఖాళీ వదిలి కట్ చేయండి, ఆ క్షణంలోనే చూసేవాడి మనసు జవాబు వెతుక్కుంటుంది. అక్కడ సౌండ్ ఎఫెక్ట్ వేస్తే ఆ వెతుకులాట చెడిపోతుంది. థంబ్‌నెయిల్లో పంచ్ పెట్టొద్దు. సౌండ్ లేకుండా చూసేవాళ్లు ఉంటారు కాబట్టి సబ్‌టైటిల్ వేయండి, కానీ మాట కంటే ముందు అక్షరాలు రాకుండా చూసుకోండి.

8. పోస్ట్ చేసే ముందు, చేశాక

రాబర్ట్ ప్రొవైన్ నవ్వు మీద చేసిన పరిశోధనల్లో, జనం ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని తేలింది. కాబట్టి వీడియో లింకు పంపి "ఎలా ఉంది" అని అడిగితే సరైన జవాబు రాదు. ఆడవాళ్లూ మగవాళ్లూ, వేర్వేరు వయసులవాళ్లూ ఉన్న చిన్న గుంపుకు ఒకే గదిలో చూపించండి, మీరు స్క్రీన్ చూడకండి, వాళ్లను చూడండి. ఎవరు ఎక్కడ నవ్వారు, ఎవరు నవ్వే ముందు పక్కవాళ్ల మొహం చూశారు, ఎవరు నవ్వి వెంటనే ఆపేశారు, ఇవి రాసుకోండి. సగం గది మాత్రమే నవ్వి మిగతా సగం ఫోన్ తీసిందంటే నాలుగో అడుగుకు వెనక్కి వెళ్లాలి.

పోస్ట్ చేశాక కామెంట్లలో మాట తీరు చూడండి. "మా ఇంట్లో కూడా ఇంతే", "నేనూ ఇలాగే చేస్తా" అని వస్తుంటే నవ్వు రూలు మీద పడింది. "ఈ ఆడవాళ్లే ఇంత", "మగజాతే ఇంత" అని వస్తుంటే వ్యూస్ ఎన్ని ఉన్నా లక్ష్యం జారిపోయింది. అలాంటప్పుడు వీడియో మళ్లీ చూసి, ఏ లైను దగ్గర జారిందో వెతకండి. ఎక్కువసార్లు అది చివరి లైనే అవుతుంది, పంచ్ అయిపోయాక ఇంకో నవ్వు కోసం చేర్చిన లైను. దాన్ని కోసేసి, తర్వాతి వీడియోలో అదే జంటను తీసుకుని ఈసారి అతన్ని వారం ఊరికి పంపండి, ఆమె ల్యాప్‌టాప్ తెరిచి అతని తలలో ఏముందో అడగనివ్వండి.